ఒకటో తొట్టిలో ఎనిమిది చేపలు

చచ్చిన చేపల్ని పది గంటలకు పూడ్చిపెడతారని తెలిసి వరూధిని సోమవారం ఉదయం ఎనిమిదీ నలభైకే ఆ గేటు ముందు కారు ఆపింది.

దొడ్డబళ్ళాపురం దాటాక ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న నదీ మత్స్య పరిశోధన కేంద్రం అది. ముందు రోజు, అంటే ఆదివారం ఉదయం ఆరూ పదికి, ఒకటో నంబరు తొట్టిలో ఎనిమిది చేపలు చచ్చిపడి ఉన్నాయని కాపలా ఆవిడ చూసింది. కావేరిలో దొరికే బిళిమీన్లు. ఒక్కొక్కటీ నాలుగైదు కిలోలు తూగుతుంది. నీళ్ళలోకి గాలి పంపే ఆరేటర్ మిషను ఆగిపోయి ఉంది. రాత్రి డ్యూటీ మారప్పది. అరవై రెండేళ్ళ మారప్ప ఆ వేళకి అక్కడ లేడు. మధ్యాహ్నం పన్నెండుకి తనంతట తానే నడుచుకుంటూ గేటులోకి వచ్చాడు. పోలీసులు పట్టుకుని రాత్రంతా ఎక్కడున్నావని అడిగితే నోరు విప్పలేదు. నిర్లక్ష్యం వల్ల చేపల్ని చంపాడని డైరెక్టరు వీరభద్రం రాసిచ్చిన ఫిర్యాదు మీద అతన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు.

ఆ చేపల మీద పరిశోధన చేస్తున్న కిరణ్మయి ఆదివారం రాత్రి ఢిల్లీ నుంచి దిగింది. దిగీ దిగగానే వరూధినికి ఫోన్ చేసింది. వరూధిని ఆరేళ్ళ కిందట ఎస్సై ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి హూడిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఇంతవరకు ఆమె వెతికింది మనుషుల్నీ, మాయమైన లాప్‌టాప్‌లనీ. చేపల కేసు ఇదే మొదటిది.

గేటు దగ్గరే ఎదురుచూస్తున్న కిరణ్మయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి నడుస్తూనే సంగతంతా చెప్పింది. నీలధార అనే ప్రైవేటు హ్యాచరీ లక్ష చేపపిల్లల్ని పెంచి, బిళిమీను వంశం నిలబెడతామంటూ కావేరిలో వదలడానికి సిద్ధమైంది. ఆ పిల్లలు నది చేపలతో సరిపోతాయో లేదో తేల్చే పని కిరణ్మయిది. అందుకే నదిలోంచి పట్టి తెచ్చిన ఎనిమిది చేపలు ఒకటో తొట్టిలోనూ, లక్ష పిల్లలూ ఏ మందలోంచి పుట్టాయో ఆ కంపెనీ మందలోని ఎనిమిది పెద్ద చేపలు వెనకవైపు నాలుగో తొట్టిలోనూ ఉన్నాయి. రెండిటి నీళ్ళూ వేరు, పైపులూ వేరు.

"రిజల్ట్ ఏమొచ్చింది?" అని వరూధిని అడిగింది.

"లక్ష పిల్లలకీ కలిపి తల్లులు రెండే. డీఎన్ఏలో క్లియర్‌గా తెలుస్తోంది. నది నుంచి తెచ్చిన ఎనిమిదీ అలా కాదు, దేనికదే వేరు. రేపు ఏదైనా జబ్బు వస్తే నది చేపల్లో కొన్ని పోతాయి, కొన్ని తట్టుకుంటాయి. వీటిలో ఒకటి పడిందంటే లక్షా పడతాయి. పైగా ఇవి వెళ్ళి నది చేపలతో కలిశాయంటే పదేళ్ళలో అసలు రకమే మిగలదు."

ఆ మాట కమిటీకి చెప్పడానికే ఆమె ఢిల్లీ వెళ్ళింది. నిర్ణయం వచ్చే శుక్రవారం రావాలి. ఈలోగా శనివారం నాడు వీరభద్రం కంపెనీ చేపలు పూర్తి ఆరోగ్యంగా ఉన్నాయని సర్టిఫికెట్ సంతకం చేశాడు. దాన్ని పట్టుకుని కంపెనీ ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకే పిల్లల్ని వదలడానికి అనుమతి తెచ్చుకుంది. ఎదురుగా పెట్టి చూపించడానికి నది చేపలు ఇప్పుడు లేవు.

కాపలా గదిలో సరోజమ్మ నిలబడే సమాధానాలు చెప్పింది. చేతిలో గేటు రిజిస్టరు ఉంది. శనివారం మూడూ నలభైకి నీళ్ళ ట్యాంకున్న వ్యాను ఒకటి వచ్చింది. నాలుగో తొట్టిలోని కంపెనీ చేపల్ని కంపెనీకి తిరిగి పంపుతున్నామని గేట్‌పాస్ ఉంది. మారప్పే వాటిని ఎక్కించాడు, ఐదు గంటలకి అదే వ్యానులో తనూ వెళ్ళాడు. పాస్ మీద సంతకం కూడా అతనిదే.

"ఆయన పోయినాక ఒకటో తొట్టి దగ్గరికి ఎవురన్నా పోయినారా?" సరోజమ్మ మాట్లాడే తీరులోనే వరూధిని అడిగింది. తన తల్లిదీ బాగేపల్లి వైపే.

తాను చూసినంతలో ఎవరూ పోలేదని సరోజమ్మ చెప్పింది. ఆరేటర్ శబ్దం కాపలా గదిలోకి వినిపిస్తుందట. రాత్రి పన్నెండుకి వినిపించింది. ఐదున్నరకి టీ పెట్టుకుంటున్నప్పుడూ వినిపించింది. ఆరు దాటాక వినిపించకపోయేసరికి వెళ్ళి చూసింది. చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఒకదాన్ని పట్టి చూస్తే కట్టెలాగా బిగుసుకుపోయి ఉంది.

"ఈ మాట పోలీసులకి చెప్పినావా?"

"ఎవురూ అడగలేదమ్మా. సారు చెప్పింది రాసుకొని పోయినారు."

"సారుకి నువ్వే ఫోన్ చేసినావా?"

సరోజమ్మ రిజిస్టరు మూసింది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతానని, కొడుక్కి ఇక్కడే పని ఇప్పిస్తానని సారు మాటిచ్చాడని చెప్పింది. వరూధిని తొందరపెట్టలేదు. చివరికి సరోజమ్మే రిజిస్టరు బల్ల మీద పడేసింది.

"ఆరూ పన్నెండుకి చేసినాను. సారు ఇల్లు ఆ పక్క ఉండాది కదా. ఫోన్ మోగింది మాత్రం ఈ పక్క, పంపుషెడ్డు ఎనకాల. నా చెవులతో విన్నాను. ఎవురొచ్చి అడిగినా ఇదే చెప్తాను. మారప్ప చేపని చంపే మనిషి కాడు."

ఒకటో తొట్టి ఇరవై అడుగుల గుండ్రటి సిమెంటు తొట్టి. నీళ్ళు ఇంకా తీయలేదు. పక్క గోడకి చిన్న పెట్టె ఒకటి బిగించి ఉంది. నీళ్ళలో ఎంత ప్రాణవాయువు ఉందో పావుగంటకోసారి రాసుకునే మీటరు అది. ఆరేటర్ ఎప్పుడు ఆగిందో కూడా అందులో నమోదవుతుంది. కిరణ్మయి బటన్లు నొక్కి ఆదివారం నాటి గీతను తెర మీదకి తెచ్చింది. ఆరేటర్ ఆగిన సమయం ఐదూ నలభై ఆరు.

"డైరెక్టరు ఫిర్యాదులో ఏం రాశాడు?"

"రాత్రంతా ఆగిపోయిందని."

వరూధిని వేలితో గీత మీద చూపించింది. మిషను ఆగాక కూడా గీత దాదాపు అలాగే ఉంది. ఏడు గంటల వరకు కాస్త మాత్రమే దిగింది.

"ఎనిమిది పెద్ద చేపలు ఊపిరి పీలుస్తున్న తొట్టిలో గాలి ఆపేస్తే ఇది ఎలా ఉండాలి?"

"అరగంటలో సగానికి పడిపోవాలి." కిరణ్మయి తెరకి దగ్గరగా వంగింది. "పడలేదు. అంటే..."

"పీల్చేవి అప్పటికే లేవు. ముందు చేపలు పోయాయి, తర్వాత ఎవరో మిషను ఆపారు. ఆరూ పదికి అవి కట్టెలాగా బిగుసుకుపోయి ఉన్నది అందుకే."

చేపల్ని స్టోరు గదిలోని డీప్ ఫ్రీజర్లో పెట్టి తాళం వీరభద్రం దగ్గర ఉంచుకున్నాడు. పూడ్చేదాకా ఎవరూ తెరవకూడదని ఆర్డరు. కిరణ్మయిని కూడా చూడనివ్వలేదు. రెండో తాళంచెవి కాపలా గదిలో మేకుకి వేలాడుతోంది. సరోజమ్మ అడగకుండానే తెచ్చి ఇచ్చింది.

కిరణ్మయి మొదటి చేపని బల్ల మీద పెట్టింది. దాని తోకని విప్పి చూసింది. చేపని పక్కన పెట్టి రెండోదాన్ని తీసింది, ఆ తర్వాత మూడోదాన్ని. చివరి చేప తోక కూడా చూశాక అక్కడే నేల మీద కూలబడింది. ఏడుస్తోందనుకుని వరూధిని భుజం మీద చెయ్యి వేసింది. ఆమె నవ్వు ఆపుకోలేక అవస్థపడుతోంది.

"ఇవి నావి కావు. ఒక్కటీ కాదు."

నాలుగు నెలల కిందట డీఎన్ఏ పరీక్ష కోసం ఒక్కో నది చేప తోక పైభాగంలోంచి చిక్కుడుగింజంత ముక్క తీసింది తను. అది మళ్ళీ పెరిగింది కానీ వంకరగా పెరిగింది. వీటి తోకల మీద ఆ గుర్తు లేదు. పైగా వీటి రెక్కల అంచులన్నీ అరిగిపోయి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ సిమెంటు గోడలకి రాసుకున్న చేపలకి తప్ప అలా అరగవు. ఇవి నాలుగో తొట్టిలో ఉండాల్సిన కంపెనీ చేపలు.

అయితే వ్యానులో వెళ్ళినవి ఏవో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. వరూధిని లేచి స్టోరు తలుపు దగ్గరికి వేసింది.

"ఇవి ఎలా చచ్చాయో చూడు."

కిరణ్మయి కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగింది. గాలి అందక చచ్చిన చేప నోరు తెరుచుకుని, మొప్పల తలుపులు విచ్చుకుని చస్తుంది. వీటి నోళ్ళు మూసుకుని ఉన్నాయి. మొప్ప ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సినచోట తెల్లటి పొర పట్టి ఉంది. ఎనిమిదింటికీ అదే పొర, అదే చోట. ఇది ఒక్క రాత్రిలో వచ్చేది కాదని, కనీసం నాలుగైదు రోజుల జబ్బని ఆమె చెప్పింది. జబ్బులో ఉన్నవాటిని తొట్టి మార్చేసరికి తట్టుకోలేకపోయాయి.

"శనివారం సంతకం పెట్టినాయన ఈ మొప్పలు చూశాడా?"

"చూడకుండా పెట్టకూడదు. చూసి పెడితే ఇంకా ఘోరం."

ఆమె ఫొటోలు తీసింది. మొప్పల ముక్కలు కోసి సీసాల్లో వేసి మూతల మీద టైము రాసింది. తొమ్మిదీ ముప్పై ఐదు. చేపలు మారిన సంగతి బయట ఎవరి దగ్గరా ఎత్తకూడదని వరూధిని గట్టిగా చెప్పింది. నది చేపలు బతికున్నాయని తెలిస్తే వాటికోసం వెతికేవాళ్ళు ఉన్నారు.

వీరభద్రం గదిలో ఏసీ చల్లగా ఉంది. భీమవరం వైపు మనిషి, యాభై ఐదేళ్ళుంటాయి. ముప్పై ఏళ్ళుగా చేపల శాస్త్రంలో ఉన్నాడు. ఆమె ఎవరో తెలిశాక కూడా మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఆరూ పన్నెండుకి సరోజమ్మ ఫోన్ చేసేదాకా తాను ఇంట్లో నిద్రపోతున్నానని, పరుగున వచ్చేసరికి అంతా అయిపోయిందని చెప్పాడు.

"పంపుషెడ్డు వెనక పడుకుంటారా మీరు?"

"అదేం మాటండి?"

"ఆ టైములో మీ ఫోన్ అక్కడ మోగింది. ఐదూ నలభై ఆరుకి ఆరేటర్ ఆగింది. అప్పటికే చేపలు చచ్చి ఉన్నాయి. చచ్చినవాటికి గాలి ఆపాల్సిన అవసరం ఎవరికుంటుంది?"

ఆయన టేబులు మీద పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు. మారప్ప అంటే ఆమెకి జాలి ఉండొచ్చుగానీ సంస్థకి నియమాలుంటాయన్నాడు. ఆమె ఆపింది.

"కంపెనీ చేపల మొప్పల మీద పొర ముందే చూశారు మీరు. అయినా శనివారం సంతకం పెట్టారు. ఆదివారం తెల్లారుజామున ఒకటో తొట్టిలో చేపలు తేలడం చూసి జబ్బు అంటుకుందనుకున్నారు. పోస్టుమార్టం జరిగితే మీ సర్టిఫికెట్ చిరిగిపోతుంది. గాలి అందక చచ్చాయంటే ఒక ముసలాయన జైలుకి పోతాడు, కథ అక్కడితో అయిపోతుంది. నేను చెప్పినదాంట్లో ఏ ముక్క తప్పు?"

"సాక్ష్యం చూపించండమ్మా. చూపించలేకపోతే నా గదిలోంచి బయటికి నడవండి."

బయటికి వచ్చేసరికి స్టోరు ముందు జీపు ఆగి ఉంది. దాని పక్కన ఓంకార్ నిలబడి ఉన్నాడు. ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు ఇద్దరూ. ఒక కేసులో పైవాళ్ళు చెప్పినట్టు రిపోర్టు మార్చమంటే వరూధిని రాజీనామా కాగితం ఇచ్చింది, ఓంకార్ రిపోర్టు మార్చి ఇచ్చాడు. ఇప్పుడు అతనూ ఉద్యోగం వదిలేసి నీలధార కంపెనీకి సెక్యూరిటీ సలహాదారుగా ఉన్నాడు. వెంట ఇద్దరు మనుషులు, చేతుల్లో గోనె సంచులు.

వరూధిని అతనికన్నా ముందు లోపలికి నడిచి ఫ్రీజరు మూత మీద కూర్చుంది.

"దిగు," అన్నాడు ఓంకార్ నవ్వుతూ. "కుళ్ళిపోయే సరుకు అది. డైరెక్టరు పూడ్చమన్నారు. పూడ్చే పని మా కంపెనీ ఉచితంగా చేసిపెడుతోంది."

"వేరేవాళ్ళ చేపల మీద మీ కంపెనీకి ఇంత ప్రేమ ఎందుకు?"

"నీకిక్కడ అధికారం లేదు, వరూధినీ. నీ నడుముకి పిస్తోలు లేదు, భుజాన నక్షత్రాలు లేవు."

"నీకూ లేవు."

అతని మనుషుల్లో ఒకడు ముందుకొచ్చాడు. కిరణ్మయి అడ్డం వచ్చి ఫ్రీజరుకి ఆనుకుని నిలబడింది. తలుపు దగ్గర సరోజమ్మ లాఠీ పట్టుకుని ఉంది, ఎవరి పక్షమో వేరే చెప్పాల్సిన పని లేకుండా. వరూధిని బ్యాగులోంచి తెల్లకాగితం, పెన్ను తీసి ఓంకార్ ముందుకి చాపింది.

"తీసుకుపో. నేనేం ఆపను. 'పోస్టుమార్టం చేయించకుండా ఎనిమిది చేపల్ని నేను తీసుకువెళ్తున్నాను' అని రాసి, నీ పేరు, టైము వేసి సంతకం పెట్టు. అప్పుడు దిగుతాను."

ఓంకార్ కాగితం అందుకోలేదు. అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడిన వీరభద్రం వైపు చూశాడు. కిరణ్మయి ఆ కాగితాన్ని ఆయనకీ చూపించింది. వీరభద్రం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పది గంటలైంది, పదీ పది అయింది. గోనె సంచుల మనుషులు బయటికెళ్ళి బీడీలు వెలిగించుకున్నారు.

చివరికి ఓంకార్ ఒక్కడే దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సరే, కూర్చో. లారీలు తెల్లారకముందే బయలుదేరాయి. రెండు గంటలకి పైపు తెరుస్తారు. తర్వాత నువ్వేం నిరూపించినా నదిలోంచి లక్ష చేపల్ని ఏరి వెనక్కి తేలేవు."

"అయినా నీకు చెమటలు పడుతున్నాయి," అంది వరూధిని.

అతను వెళ్ళిపోయాడు. ఆమె దిగి ఫ్రీజరుకి తన తాళం ఇంకోటి వేసి, చెవి సరోజమ్మ చేతిలో పెట్టింది.

కిరణ్మయి సీసాలతో లాబొరేటరీకి పరుగెత్తింది. వరూధిని దొడ్డబళ్ళాపురం వైపు కారు తిప్పింది. స్టేషన్లో ఎస్సై నాగరాజ్ లేడు, కోర్టు పని మీద పోయాడు. పన్నెండుంపావుకి గానీ రాలేదు. అతని గురించి వరూధినికి ఏమీ తెలియదు. ఫిర్యాదు ఉందని, ముసలాయన సహకరించడం లేదని, పది నిమిషాలు మాత్రం మాట్లాడుకోవచ్చని అతను చెప్పాడు. తనూ అక్కడే కుర్చీలో కూర్చుని కాగితాలు చూసుకుంటున్నాడు.

మారప్ప బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కావేరి ఒడ్డున, గాలంతో చేప పట్టి మళ్ళీ నీళ్ళలోకే వదిలే క్యాంపులో పనిచేసిన మనిషి. గులకరాళ్ళ మీద నీటి నీడని చూసి కింద ఏ చేప ఉందో చెప్తాడని కిరణ్మయి అంది. ఆ ఎనిమిదింటినీ నదిలోంచి పట్టింది కూడా అతనే.

వరూధిని పక్కన కూర్చుంది. నువ్వు ఏం చేశావో తెలుసని మెల్లగా చెప్పింది. కంపెనీ చేపల్ని ఒకటో తొట్టిలో వేసి, నది చేపల్ని వ్యానులో ఎక్కించి పంపావని చెప్పింది. అతను కాదనలేదు.

"బతికుండాయా?" అని అడిగింది.

"నేను వదిలినప్పుడు బతికుండాయి."

"ఎందుకు చేసినావప్పా ఇంత పని?"

శనివారం పొద్దున డైరెక్టరు ఫోన్లో మాట్లాడుతుంటే అతను విన్నాడు. సోమవారం కిరణ్మయి తిరిగి వచ్చేలోగా నది చేపల్ని కంపెనీకి అప్పజెప్తానని, తమ చేపలతో కలిపి పిల్లలు పెట్టించుకుని వాటిని నది రకమని చూపించుకోవచ్చని ఆయన చెప్తున్నాడు. కిరణ్మయికి ఫోన్ చేస్తే మీటింగులో ఉండి ఎత్తలేదు. అడిగేవాళ్ళు, ఆపేవాళ్ళు ఎవరూ లేరు. తెలిసినవాళ్ళ వ్యాను పిలిపించాడు.

"ఆ పాప మాట ఇచ్చింది నాకి. పరీచ్చ అయినాక మళ్ళీ నీళ్ళకే పంపుతాము మారప్పా అనింది. నా చేత్తో పట్టుకొచ్చినాను. నా చేత్తోనే పంపినాను."

"యాడ వదిలినావు?"

"చెప్పను."

"ఆదివారం పొద్దున ఐదూముక్కాలుకి నువ్వు తొట్టి దగ్గర లేవని చూపించాల. ఆ చోటు చెప్తే ఈ రోజే ఇంటికి పోతావు."

"తెలుసమ్మా. తెలిసే చెప్పల్యా." మారప్ప ఎస్సై వైపు తిరిగి అతనికీ వినపడేలా అన్నాడు. "నేను చెప్తే ఈయప్ప రాసుకుంటాడు. రాసుకుంటే సారుకి తెలుస్తాది. సారుకి తెలిస్తే కంపెనీకి తెలుస్తాది. వలలు తీసుకుని పోతారు. నాకి జైలు వేసుకోనీ. ఎన్నేండ్లు వేస్తారో వేసుకోనీ. ఎనిమిది ప్రాణాలమ్మా అవి, ఏట్లో అట్లాటివి ఇంకెన్ని ఉండాయో నాకే తెలీదు."

నాగరాజ్ తలెత్తాడు. చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు.

వరూధిని ఫోన్ మోగింది. పన్నెండూ నలభై ఎనిమిది. మైక్రోస్కోపు దగ్గర నుంచి కిరణ్మయి. మొప్పలు తినేసే క్రిమి అది, అనుమానం లేదు. ఢిల్లీలో కమిటీ వాళ్ళకి ఫొటోలు పంపింది, జిల్లా అధికారికి ఫోన్ చేసింది. ఎవరైనా సంతకం పెట్టిన ఆర్డరు చేతికి వచ్చేసరికి మూడు దాటుతుందంటున్నారు. దాన్ని ఫోన్‌కే పంపమని చెప్పి తాను ఇప్పుడే నేరుగా నదికి బయలుదేరుతోంది. నది చేపలకి ఈ జబ్బు అంటితే తట్టుకుంటాయా అని వరూధిని అడిగింది.

"తెలియదు. ఎవరికీ తెలియదు. పరీక్ష పెట్టి చూసుకోవడానికి అవి సరిపడా లేవు."

వరూధిని ఫోన్ పెట్టేసి మారప్ప వైపు తిరిగింది. ఈ ముసలాయన్ని భయపెట్టి ఏ మాటా రాబట్టకూడదని అంతకుముందే అనుకుంది. కానీ దాచడం కూడా తప్పే అనిపించింది. అతను ఒకటో తొట్టిలో వేసిన కంపెనీ చేపలు జబ్బుతోనే చచ్చాయని, ఆ మందలో పుట్టిన లక్ష పిల్లల్ని ఇంకో గంటలో కావేరిలో వదులుతున్నారని చెప్పింది.

మారప్ప ముఖంలో మొదటిసారి కదలిక కనిపించింది.

"కావేరిలో యాడ?"

"ఆనెమడుగు దగ్గర, మెట్ల కింద అని కిరణ్మయి చెప్పింది."

మారప్ప లేచి నిలబడ్డాడు. గోడని పట్టుకున్నాడు.

"ఆడనే వదిలినాను," అన్నాడు. "లోతు ఉండాది, చల్లగా ఉంటాది, వలలు అందవు అని... రాత్రి చెక్‌పోస్టు తెరవలేదు, ఆదివారం తెల్లారేటప్పుడు ఆ మెట్ల కిందనే వదిలినానమ్మా. ఎనిమిదీ ఆడనే ఉండాయి."

అంటే ఆదివారం తెల్లవారుజామున మారప్ప అక్కడ ఉన్నాడు. అడవి చెక్‌పోస్టులో వ్యాను నంబరు రాసే ఉంటారు. అతని మీద కేసు నిలబడదని గదిలో ఉన్న ముగ్గురికీ అర్థమైంది. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ పట్టలేదు. గడియారంలో పన్నెండూ యాభై ఐదు. అక్కడి నుంచి ఆనెమడుగుకి ఎంత వేగంగా పోయినా మూడు గంటలు.

"మడుగు దగ్గర నీ మనుషులు ఎవురున్నారు?" అని వరూధిని అడిగింది.

"నా పెండ్లాము. మునివెంకటమ్మ. మా పుట్టి నడుపుకునేవోళ్ళు పది పన్నెండు ఇండ్లు."

మారప్ప ఫోన్ స్టేషన్ బీరువాలో ఉంది. నాగరాజ్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. బీరువా తెరవలేదు. తన జేబులోంచి సొంత ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి బెంచీ మీద పెట్టాడు.

"నంబరు చెప్పప్పా," అన్నాడు. "ఇది నేను రాసుకోను."

నాలుగు రింగుల తర్వాత ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. వెనక ఎక్కడో మైకులో పాట వేస్తున్నారు. మారప్ప ఎలా ఉన్నాడని ఆమె అడగబోయింది. అతను అడగనివ్వలేదు.

"మునెమ్మా, విను. మెట్ల దగ్గరికి లారీలు వచ్చినాయా?"

"మూడు వచ్చినాయి. పెద్ద పైపులు దించుతా ఉండారు. పోలీసోళ్ళు ఉండారు, కంపెనీ వోళ్ళు ఉండారు. ఏమాయె?"

"ఆ నీళ్ళు ఏట్లో పడకూడదు. ఒక్క బొట్టు పడకూడదు. ఆ చేపలకి జబ్బు ఉండాది. మన ఎనిమిదీ ఆ మెట్ల కిందనే ఉండాయి."

ఆమె ఏడుస్తుందేమో, ఎలా ఆపాలని అడుగుతుందేమో అని వరూధిని ఎదురుచూసింది. మునివెంకటమ్మ అవేవీ అడగలేదు.

"ఎంతసేపు నిలబడాల?" అంది.

వరూధిని ఫోన్ దగ్గరికి వంగింది. "మూడు గంటలమ్మా. మేము బయలుదేరినాము. ఆర్డరు తీసుకుని కిరణ్మయి కూడా వస్తా ఉండాది. మీ మీద చెయ్యి వేసినా వేస్తారు."

"వేసుకోనీ."

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె రాళ్ళ మీద పరుగెత్తడం, ఇంటింటి తలుపూ బాదుతూ పేర్లు పెట్టి పిలవడం వాళ్ళకి వినిపించింది. పైపుల ముందుకి పుట్టిలు తొయ్యమని ఆమె అరిచింది. గుండ్రటి పుట్టి ఒకటి నీళ్ళలో పడిన చప్పుడు, దాని వెనకే ఇంకొకటి. అంతలో మైకులో పాట ఆగిపోయింది. ముఖ్య అతిథి ముందే వచ్చేశారని, కార్యక్రమం ఇప్పుడే మొదలుపెడుతున్నామని ఎవరో కన్నడంలో ప్రకటించారు. లారీ ఇంజను ఒకటి స్టార్టయింది.